ఏమియు జరుగని దినము

పెరటిచెట్టు మందుకు రాదని మనవారి సామెత. ఆ చెట్టులో గుణము లేక కాదు. మన పెరటిలో ఉండుటయే దాని దోషము. అదే ఆకు దూరమునుండి వచ్చి, పొట్లము కట్టబడి, వెల చెల్లించి కొన్నప్పుడు మనకు దానిపై గురి కుదురును. మందు విషయమున నిజమైన ఈ మాట ఆనందము విషయమున మరింత నిజము. యాత్రకు, ఉత్సవమునకు, వినోదమునకు వెలయిచ్చి పొందిన సంతోషమును మనము లెక్కించుకొందుము. ఇంటి వాకిలిలో నలుగురు కూడి కూర్చున్న సాయంకాలమును లెక్కలో వేయము.

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలోని విద్యార్థులను ‘మరువలేని దినము’ అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిని. పలువురు విహారయాత్రలను, పెండ్లిండ్లను, తాము గెలుచుకొన్న బహుమతులను వర్ణించిరి. మెండోర వైపు పల్లెనుండి వచ్చు ఒక బాలుడు మాత్రము ఒక వానకాలపు సాయంకాలమును గూర్చి ఒకే పుట వ్రాసెను. గల్ఫు దేశమున కూలిపని చేయు తండ్రి రెండు నెలల సెలవుపై ఇల్లు చేరియున్నాడు. కరెంటు పోయినది. తల్లి పొయ్యిలోని నిప్పులపై మక్కకంకులు కాల్చినది. నాయనమ్మ వానికి ఉప్పు, కారము, నిమ్మచెక్క రాచి అందరకు పంచినది. పొరుగువారు ఇద్దరు వచ్చి అరుగుపై కూర్చుండిరి. కరెంటు తిరిగి వచ్చినను ఎవరును లేవలేదు. వ్యాసము అంతటితో ముగిసినది. ఇందులో మరువరానిది ఏమి జరిగినదని అడుగగా, ఆ బాలుడు కొంచెము సిగ్గుపడి, “గా దినం ఏం గాలే సార్, అందరం ఇంట్లనే ఉన్నం” అనెను.

ఆ వ్యాసమునకు నేను ఎన్ని మార్కులు వేసితినో నాకు గుర్తు లేదు. ఆ మాటను మాత్రము మరువలేదు. గృహసౌఖ్యమునకు ఇంతకంటె పొట్టి నిర్వచనము నాకు ఏ గ్రంథమునందును కనబడలేదు.

మా ప్రాంతమున ఇట్టి ఏమియు జరుగని దినములకు కొదువ లేదు. మెండోర మండలములోని పోచంపాడు వద్ద 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగర్ ఆనకట్ట గోదావరికి అడ్డముగా నిలిచియున్నది. వానకాలమున ఎగువనుండి వరద వచ్చి, దాని 42 గేట్లలో కొన్నింటిని ఎత్తినారని తెలిసినంతనే చుట్టుపట్ల పల్లెలవారు పిల్లాపాపలతో బయలుదేరుదురు. నీరు దూకుటను చూచి, తుంపరలలో తడిసి, చీకటి పడకముందే ఇల్లు చేరుదురు. ఆర్మూరు ప్రక్కనున్న అంకాపూరు మీదుగా వచ్చువారు కాల్చిన కంకులు కొనక కదలరు. తొలి ఏకాదశికి బెల్లము కలిపిన పేలపిండి, బతుకమ్మకు సద్దులు, పసుపు తవ్విన దినములలో ఊరంతయు క్రమ్ము ఉడుకు పసుపు వాసన, ఇవి పంచాంగము చూడకయే పిల్లలకు ఋతువులను చెప్పును.

జిల్లాకు మరొక కొసనున్న బోధను ప్రాంతమున పెరిగినవారికి చెరుకుబండి వెనుక పరుగెత్తి గడ లాగుకొన్న బాల్యము కలదు. అక్కడ 1930ల చివర వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడెను. ఆ వార్తను పత్రికలు ప్రకటించినవి. దొంగిలించిన ఆ గడలోని తీపి ఎన్నడు ఆగిపోయినదో మాత్రము ఎవరును వ్రాయలేదు.

చిన్న సంతోషములను పొగడుట పేదరికమును పొగడుట కాదా అని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. గంజి త్రాగువానికి గంజిలోని రుచిని బోధించుట కడుపు నిండినవారికి తగదు. కాని కొంచెము నిదానించి చూడవలెను. నలుగురు కూడిన ఆ సాయంకాలమునకు డబ్బు అంతగా అక్కరలేదు. తీరిక కావలెను, మనుషులు కావలెను. పేదరికము మొట్టమొదట హరించునవి ఈ రెండే. మా జిల్లాలో బీడీలు చుట్టు ఇల్లాలు దినమంతయు ఇంటిలోనే ఉండును. అయినను ఒడిలో చేట, చేతిలో ఆకు, మనసులో లెక్క. కూలి వేయి బీడీలకు ఇంత అని ముట్టును గనుక ప్రక్కన కూర్చున్న బిడ్డవైపు తల త్రిప్పినంతసేపును ఆమెకు నష్టమే. ఆమె ఇంటిలో ఉన్నది కాని ఇల్లు ఆమెకు లేదు. కావున వాకిలిలో నిశ్చింతగా కూర్చుండుటను సోమరుల భాగ్యమనరాదు. అది శ్రమించినవారికి రావలసిన కూలిలో ఒక భాగము.

తీరికను బీడీ హరించినట్లు మనుషులను గల్ఫు హరించినది. 1970ల నుండి ఈ జిల్లా పల్లెలు దుబాయికి, మస్కట్టుకు, సౌదీకి తమ యువకులను పంపుచున్నవి. వారు పంపిన సొమ్ముతో అప్పులు తీరినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, పెంకుటిండ్ల చోట మేడలు లేచినవి. ఆ శ్రమను తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత. అయితే ఆ మేడకు ముందు అరుగు కట్టించిన వాడు దానిపై కూర్చున్న దినములు ఎన్ని? రెండు మూడేండ్లకు ఒక పర్యాయము వచ్చు సెలవులో వాని బిడ్డలు వానికి మొదట అతిథులు, అలవాటు పడునంతలో తిరుగు ప్రయాణము. ఆనాటి బాలుడు సాధారణమైన ఒక సాయంకాలమును మరువలేకపోవుటకు కారణమిదియే. మనకు దినదినము దొరకుచున్న దానిని అతడు రెండేండ్లు ఎదురుచూచి పొందినాడు.

మన సాహిత్యము ఈ విలువను ఎరుగకపోలేదు. శాతవాహన ప్రభువైన హాలుడు కూర్చినదని ప్రసిద్ధి పొందిన ప్రాకృత గాథాసప్తశతిలో గోదావరి మాటిమాటికి కనబడును. అందు రాజుల యుద్ధములకంటె కాపుల ఇండ్లే మిక్కుటము. వంటయింటి మసి అంటిన ఇల్లాలి ముఖమును చూచి మురిసి నవ్వుకొను మగడు అందలి ఒక గాథకు నాయకుడు. రాజ్యమేలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటిలో ఏ ఋతువున అతిథులకు ఏమి వడ్డించిరో శ్రద్ధతో వర్ణించెను. జడివాన కురియువేళ పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి ఆ విస్తరిలో చేరినవి. దండయాత్రలు నడిపిన చేతికి వడియమును వ్రాయుట చిన్నతనముగా తోచలేదు. మన కాలమునకు వచ్చిన సురవరము ప్రతాపరెడ్డి రాజుల వరుసను విడిచి, ప్రజల తిండిని, ఆటలను, వేడుకలను కావ్యములనుండి ఏరి కూర్చి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించెను. తెలుగున కేంద్ర సాహిత్య అకాడమీ తొలి బహుమానము 1955లో ఆ గ్రంథమునకే లభించెను. జాతి చరిత్రలో సగము వంటయింటను, వాకిలియందును జరుగునని దానివలన మనకు తెలియవచ్చెను.

ఇంత తెలిసిన మనము, ఉపాధ్యాయులము, చేయుచున్నది ఏమి? నేరమును బీడీపై, గల్ఫుపై మోపుట సులభము. ఒక్కసారి మన చేతిలోని సుద్దముక్కను చూచుకొందము. బడి విడిచిన పిదప ప్రత్యేక తరగతి, దాని పిదప ట్యూషను, ఆపై ఇంటిపని, దసరా సెలవులకు మరొక మూట. పదవ తరగతి ముగియగానే బాలుడు దూరపు హాస్టలుకు. గల్ఫునుండి వచ్చు సొమ్ము ఆ హాస్టలు ఫీజునకు పోవును. తండ్రి ఎడారిలో, కొడుకు హాస్టలులో, తల్లి కొత్త మేడలో. ముగ్గురును ఒకరి సుఖము కొరకు ఒకరు దూరముగా ఉందురు. చదువు వలదనుట నా మతము కాదు. పల్లె బిడ్డకు చదువే నావ. కాని ఏ ఒడ్డు చేరుటకు ఆ నావ ఎక్కితిమో మరచునంతగా తెడ్డు వేయరాదు.

కనుక తోటి ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. వారమున ఒక సాయంకాలమును, శనివారమే అనుకొందము, పిల్లలకు విడిచిపెట్టుడు. ఆ దినము ఇంటిపని వలదు. సెలవులకు మూట వలదు. ఆ సాయంకాలమున ఏమి చేసితిరో వ్రాసి తెమ్మనవలదు, మార్కులు వేయవలదు. మార్కులు పడినచోట రుచి పోవును. నేను వ్యాసము వ్రాయించి మార్కులు వేసినవాడనే. ఆ తప్పును ఎరిగియే చెప్పుచున్నాను.

విద్యార్థులకును ఒక మాట. చేతిలోని ఫోను మంచిదో చెడ్డదో అని వాదింపను. ఎడారిలోని తండ్రి ముఖమును రాత్రి భోజనపు వేళకు ఇంటికి తెచ్చునది అదే. ఆ కుటుంబమునకు అది దీపము. అదే ఫోను ఎదుట కూర్చున్న తాతను కనబడకుండ చేసినప్పుడు చీకటి. దూరమున ఉన్నవారికొరకు దానిని తెరువుడు, దగ్గర ఉన్నవారికొరకు మూయుడు. మరొకటి. అందరు అరుగుపై కూడి నవ్వుచుండగా తల్లి ఒక్కతె పొయ్యియొద్ద మిగిలిపోయినచో అది ఇంటిల్లిపాది ఆనందము కాదు. హాలుని నాయకుడు మసి అంటిన ముఖమును చూచి మురిసెను. మీరు లేచి, ఆ పట్టుకారు మీ చేతికి తీసికొని, ఆమెను కూర్చుండబెట్టుడు. కంకి కాల్చుట కష్టమైన విద్య కాదు.

దసరానాడు మన పల్లెలలో జమ్మి ఆకును తెచ్చి, బంగారమని చెప్పి, పెద్దల చేతిలో పెట్టి పాదములకు మ్రొక్కుదురు, ఈడువారిని కౌగిలించుకొందురు. అది ఆకని ఇచ్చువానికి తెలియును, పుచ్చుకొనువానికిని తెలియును. అయినను ఇద్దరిలో ఎవరును నవ్వరు. ఇచ్చిన చేయి, పుచ్చుకొన్న చేయి ఒక వాకిలిలో కలిసినవి గనుక ఆ ఆకు ఆ క్షణమున బంగారమే. ఈ దసరాకైనను ఆ చేతులన్నియు ఒక వాకిలిలో చేరునట్లు చూతము. ఆ దినము మరేమియు జరుగకున్నను కొరత లేదు.