తెడ్డు పట్టిన చేయి

ధవళేశ్వరం ఆనకట్ట దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. మరికొంత దూరం సాగిన మీదట వసిష్ఠ నుంచి వైనతేయ వేరవుతుంది. ఈ పాయల నడుమ లంకలు, లంకల చుట్టూ నీరు, కాలువ గట్ల వెంట ఊళ్లు. నీటిని దాటనిదే ఏ పనీ జరగని సీమ ఇది. ఈ సీమలో పుట్టి, పెరిగి, కళాశాలకు వచ్చినవారిలో తెడ్డు పట్టి పది బారల దూరం పడవ నడపగలవారెందరని తరగతిలో అడిగితే, పైకి లేచే చేతులు బహుస్వల్పం. చిన్న పడవను తన చేతులతో కట్టుకొని, తానే నడుపుకొంటూ నదిమీదికి వెళ్లగలగడం డెల్టా యువతకు చదువులో ఒక భాగం కావాలని నా అభిప్రాయం. ఇది వినోదం కోసం చెబుతున్న మాట కాదు.

పడవ కట్టడమనగానే పెద్ద కర్మాగారాలను ఊహించుకోనక్కరలేదు. మన పూర్వులు తాడిచెట్టుతో దోనె చేసుకొన్నారు. చాలా చెట్లకు చేవ లోపల ఉంటుంది. తాడికి చేవ బయట, మెత్తని పీచు లోపల. ముదురు తాటి మ్రానును నిలువునా చీల్చి, లోపలి పీచును తొలిచివేస్తే, నీటికి ఓర్చుకొనే గట్టి పెంకు మిగులుతుంది. మొదలు దగ్గర మ్రాను సహజంగానే ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక ఆ కొస దానంతటదే మూసుకొని ఉంటుంది. రెండవ కొసను మట్టితోనో పలకతోనో మూస్తే చాలు, దోనె సిద్ధం. కొల్లేటిలోను, డెల్టా కాలువలలోను ఇటువంటి దోనెలు తిరిగేవి. పొలానికి నీరు తోడడానికి కూడ ఈ దోనెనే వాడేవారు. చెట్టు స్వభావాన్ని ఇంత చక్కగా ఎరిగిన పనితనాన్ని మోటు పని అనడం తగదు.

ఒంటి దోనె ఇరుకు. అడుగు గుండ్రంగా ఉండటం వల్ల ఇటూ అటూ దొర్లుతుంది. అందుచేత రెండు దోనెలను పక్కపక్కన చేర్చి అడ్డకర్రలతో బిగించేవారు. అలా కట్టినదానికి సంగడి అని పేరు. మన ప్రాచీన కావ్యాలలో సంగడి అంటే జత, చెలిమి. సంగడీడు అంటే చెలికాడు. పడవ నుంచి చెలిమికి ఆ పేరు వచ్చిందా, చెలిమి నుంచి పడవకు వచ్చిందా అనేది నిఘంటుకారులు తేల్చవలసిన విషయం. ఒంటరిగా దొర్లిపోయేది జతకూడితే నిలుస్తుందని నీటిమీద బతికినవారు మాత్రం ఎరుగుదురు.

కావ్యాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. మన సాహిత్యంలో నాయకులు పడవ ఎక్కుతారు, నడిపేవారు వేరు. శ్రీరాముడు గంగను దాటాడు, తెడ్లు వేసినవారు గుహుని మనుషులు. దీనికి అపవాదం ఒక స్త్రీ. దాశరాజు ఇంట పెరిగిన సత్యవతి యమునలో స్వయంగా ఓడ నడిపి జనాన్ని దరి చేర్చింది. వ్యాసుని కన్న తల్లి ఆమె. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో ఆ కథ ఉన్నది. ఆమె సౌందర్యాన్ని గురించి, ఆమె దేహపరిమళాన్ని గురించి ఎన్నో వ్యాఖ్యానాలు విన్నాను. ప్రవాహానికి అడ్డంగా ఓడను నడిపిన ఆ చేతుల నేర్పును గురించి ఒక్క ఉపన్యాసమూ వినలేదు. పడవ నడపడం ఒక కులానికి చెందిన పని అని, చదువుకొన్నవారికి తగదని మనం వేసుకొన్న గీత అంత పాతది. ఆ గీతను చెరపకపోతే కింద నేను చెప్పబోయే మాటలన్నీ వ్యర్థం.

ఈ విద్య మరుగుపడటానికి కారణాలు వెతకనక్కరలేదు. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు సాగునీటి కోసమే కాదు, రాకపోకల కోసం కూడ. లాకులు ఏర్పాటయింది పడవల కొరకే. గట్టు వెంట నడుస్తూ మనుషులు తాళ్లతో పడవలను లాగేవారు. తరువాత లారీలు వచ్చాయి. 1974లో రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. పాయల మీదా ఒక్కొక్కటిగా వంతెనలు లేచాయి. ఇది మంచికే. అర్ధరాత్రి పురిటి నొప్పులతో రేవులో ఎదురుచూసిన తల్లుల బాధ తెలిసినవారెవరూ వంతెనలను తప్పుపట్టరు. అయితే వంతెనతో పాటు నీటితో మన పరిచయం కూడ తెగిపోయింది. నదిని బస్సు కిటికీలోంచి చూసి, ఒక నాణెం విసరి, దండం పెట్టుకోవడంతో సరిపెట్టుకొంటున్నాం.

2018 జూలై 14న పశువుల్లంక వద్ద, కడుతున్న వంతెన స్తంభానికి నాటు పడవ తగిలి బోల్తాపడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న పిల్లలు మరణించారు. 2019 సెప్టెంబరు 15న, నదిలో వరదనీరు ఉండగానే పాపికొండలు చూడబోయిన పెద్ద పడవ కచ్చులూరు వద్ద మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత విహార పడవలను చాలాకాలం ఆపివేశారు. పిల్లలను నీటి దరికి పోనీయకుండా ఉంచడమే క్షేమమని వాదించేవారు ఉన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది, వారి నిర్ణయం మాత్రం అంగీకారం కాదు. ఆ రెండు పడవలలోను అధికసంఖ్యాకులు కేవలం ప్రయాణికులు. పడవ ఎంత బరువు మోస్తుంది, సుడి ఎక్కడ తిరుగుతుంది, ఈ రోజు బయలుదేరవచ్చునా అని అడిగే తెలివిడి ప్రయాణికునికి ఎవరూ నేర్పలేదు. తెడ్డు పట్టినవాడు ముందుగా నేర్చుకొనేది బయలుదేరకూడని రోజును గుర్తించడం.

ఇక ఎటువంటి పడవ కావాలి? ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ ప్రజలు కొట్టుకువచ్చిన కర్రలతో చట్రం కట్టి, సీల్ చర్మం కప్పి, ఒక మనిషికి సరిపడే కయాక్ చేసుకొన్నారు. రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో దానిని నడుపుతారు. 1936 నుంచి ఒలింపిక్ క్రీడలలోను అది ఉన్నది. నేడు దానిని సన్నని ప్లైవుడ్ పలకలతో ఇంటి ముంగిట్లోనే కట్టుకొనే పద్ధతి ఉంది. పలకలను కొలత ప్రకారం కోసి, అంచుల వెంట రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్ పట్టీ వేసి రెసిన్ పూస్తారు. ఇద్దరు సులువుగా మోసుకుపోగల పడవ తయారవుతుంది. పలకలను కుట్టడం మనకు కొత్తేమీ కాదు. కోరమాండల్ తీరపు మసూలా పడవలను మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతోనే కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకు బిగించిన పడవ పగిలితే, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకొనేది. తాళ్లరేవులో నావలు కట్టే వడ్రంగులున్నారు. వారిని కళాశాలకు పిలిచి గురుస్థానంలో కూర్చోబెట్టడానికి మనకు సంకోచమెందుకు?

కట్టిన పడవను ముందు చెరువులోనో, నీరు నెమ్మదిగా పారే కాలువలోనో నడపాలి. ఈత రానివారు, లైఫ్ జాకెట్ లేనివారు ఎక్కరాదు. పడవలో నిలబడరాదు, బరువు ఎంత కిందికి ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. కావాలని పడవను బోల్తా కొట్టించి, దానిని పట్టుకొని ఒడ్డు చేరడం అభ్యసించాలి. ఇవి వచ్చాకే నది. ఆనకట్టకు దిగువన సముద్రపు పోటు, పాటు తెలియాలి. పోటు వేళ నీరు ఎగువకు ఎక్కుతుంది, పాటు వేళ సముద్రంవైపు లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురు తెడ్డు వేసి అలసినవారిని జాలరులు చూసి నవ్వుకొంటారు.

చేపల విషయంలో ఒక మర్యాద పాటించవలసి ఉంది. ఎర్రనీరు వచ్చాక సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులస కోసం మత్స్యకారులు ప్రాణాలొడ్డి వలలు వేస్తారు. అది వారి బతుకు. ఆ రోజుల్లో విహారానికి వెళ్లడమంటే ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే కాక, వారి వలలకు అడ్డు తగలడం కూడ. మనకు చలికాలం చాలును. ఇసుక తిన్నెలు బయటపడి, నీరు తేరుకొన్నప్పుడు ఒక గాలం, ఒక చిన్న గుడారం వెంట తీసుకొని నలుగురు విద్యార్థులు రెండు పడవలలో బయలుదేరవచ్చు. తిన్నె మీద ఒక రాత్రి గడపవచ్చు. గాలానికి ఏమీ పడకపోతే అటుకులు ఉండనే ఉంటాయి. లంకలో రైతు వేసిన దోసపాదు వారి సొత్తు అని మాత్రం మరువరాదు.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సాగింది. ఈ అంకెలు వార్తాపత్రికలలో ఏటా కనిపిస్తాయి. గట్టు మీద నిలిచి చదివేవారికి అవి అంకెలు. మొన్న తాము పడవ కట్టిన రేవుమెట్టు ఈనాడు ఎంత లోతున ఉన్నదో లెక్కకట్టగలవారికి అవి వేరు.