పెళ్లి హోటల్ ప్లానులో వెనక గోడ

బాపట్ల వైపు సముద్రం ఒడ్డున కట్టబోయే ఒక చిన్న హోటల్ ప్లాను ఈ మధ్య మా చేతికొచ్చింది. గీసింది మా పల్లె నుంచే చదువుకుని సివిల్ ఇంజనీరైన కుర్రాడు. ఇరవై గదులు, సముద్రం వైపు లాను, మూడొందల మందికి పెళ్లి భోజనాలు. ముహూర్తాలు లేని రోజుల్లో ప్రైవేటు గ్రూపులకు అద్దె. "ఒకసారి చూసి చెప్పండన్నా" అన్నాడు. మేం ఆర్కిటెక్టులం కాదు. అయినా ఏ గది ఎటు తిరిగిందో చూస్తే, ఆ భవనం ఎవరిని మనుషులుగా లెక్కేసిందో మాకు అర్థమవుతుంది.

ఇలాంటి ప్లాన్లు ఇంకా చాలా వస్తాయి. విదేశాలకు పోకుండా దేశంలోనే పెళ్లిళ్లు చేసుకోండని 2023 చివర్లో ప్రధాని పిలుపునిచ్చారు. రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. తీరంలో ఎకరం ధర ఎంత పెరిగిందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు.

కాబట్టి మొదట అడగాల్సింది సర్వే నంబరు. భూమిలేని పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మినా కొన్నా చెల్లదని 1977 చట్టం చెప్పింది. 20 ఏళ్లు దాటినవాటిపై అసలు పట్టాదారులకు పూర్తి హక్కులిస్తూ 2023లో దాన్ని సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. ఈ సందులో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు చివరికి మిగిలేది అదే హోటల్లో వాచ్‌మన్ ఉద్యోగం.

మమ్మల్ని ఎక్కువసేపు ఆపింది మాత్రం సెప్టిక్ ట్యాంకు. వంటగది వెనక, కాంపౌండ్ గోడకు ఆనుకుని, బండి వెళ్లడానికి వీల్లేని మూలలో గీశారు. లెక్క గదులకే వేశారు. ప్రమాణాల ప్రకారం బెడ్డుకు రోజుకు 180 లీటర్ల నీళ్లు. ఇరవై గదులకు నలభై బెడ్లు, అంటే 7,200 లీటర్లు. మరి పెళ్లి రోజు సంగతి? రెస్టారెంటు సీటుకు 70 లీటర్ల చొప్పున మూడొందల మందికి ఇంకో 21,000. ఒడ్డున ఇసుక కింద కొద్ది అడుగుల్లోనే నీళ్లు తగులుతాయి, ఇంకుడు గుంత పనిచేయదు. పెళ్లి మర్నాడు ట్యాంకు పొంగుతుంది. బండి పైపు ఆ మూలకు అందదు. అప్పుడు ఫోను ఎవరికి వస్తుందో, ఏ వాడకు వస్తుందో మనకు తెలుసు.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కానీ ఆ చావు ముహూర్తం రోజున మొదలవ్వదు. ప్లానులో ట్యాంకును ఆ మూలకు నెట్టినరోజే మొదలవుతుంది. మూత రోడ్డు వైపు పెట్టి, పెళ్లినాటి నీళ్లను విడిగా పట్టి ఉంచే తొట్టి కడితే మనిషిని దింపే అవసరమే రాదు. లాను అందానికి అడ్డొస్తుందట!

తర్వాత గోడ. ఊరి నుంచి సముద్రానికి వెళ్లే కాలిబాట ప్లానులో లేదు, గోడ మాత్రం ఉంది. ఆ బాటలో మత్స్యకారులు వలలు మోస్తారు, మా వాళ్లు శ్మశానానికి వెళ్తారు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధ హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. అంటే ఈ గోడలు నీటికి ఇంకా దగ్గరికి జరుగుతాయి. శ్మశానానికీ, దారికీ, నీళ్లకూ దళితుల్ని అడ్డుకోవడం అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జెడ్ఎ) కింద నేరం. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన అదే సెక్షనులో పెళ్లి ఊరేగింపునూ, పెళ్లికొడుకు గుర్రం ఎక్కడాన్నీ అడ్డుకోవడం కూడా ఉంది. పెళ్లి గురించి మన దేశంలో ఇలాంటి సెక్షన్ రాయాల్సి వచ్చింది.

అందుకే ఆ "ప్రైవేటు గ్రూపులు" అన్న మాట దగ్గర మేం ఆగాం. ఊళ్లో నడివీధి ఊరేగింపుకు గొడవవుతుందని పట్నంలో హాలు వెతుక్కునే కుటుంబాలు మనలో ఉన్నాయి. అక్కడ మొదటి ప్రశ్న తేదీ కాదు, ఇంటిపేరు. ఆ తర్వాత "సారీ అండీ, ఆ రోజు బుక్కయిపోయింది". 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో మారుపేరుతో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. హోటళ్లలో ప్రవేశానికి కులం అడ్డు కాకూడదని ఆర్టికల్ 15(2)లో పేరుపెట్టి రాశారు. ప్రైవేటు యజమానికి కూడా అది వర్తిస్తుంది. తేదీ ఖాళీగా ఉందో లేదో అందరికీ కనిపించేలా పెట్టి, పేరు అడగకముందే బుక్ చేసుకోనిస్తే ఆ అబద్ధానికి చోటుండదు. ఇది కూడా డిజైనే.

కుర్రాడు ట్యాంకును రోడ్డు వైపుకు మార్చి గీశాడు, పెద్దది చేశాడు. ఓనరు ఖర్చు గురించి గొణిగి ఒప్పుకున్నాడట. దారి సంగతి మాత్రం "చూద్దాంలే" అన్నాడట. కాగితాలు పంచాయతీకి చేరేలోపే ఊరివాళ్లతో కలిసి ఆ బాట వెంట ఒకసారి నడవాలనుకుంటున్నాం. టేపూ సర్వే మ్యాపూ పట్టుకుని రమ్మని కుర్రాడికి చెప్పాం.