మాఫీ అడిగామా, విసిరామా?

మొన్న ఒక షాదీకి వెళ్లాను. రుఖాలో 'ఇషా నమాజు తర్వాత విందు' అని అచ్చు వేశారు. రాత్రి పదకొండు దాటినా దస్తర్‌ఖాన్ పరవలేదు. నా పక్కన షుగర్ ఉన్న ఒక బుజుర్గ్ జేబులోంచి బిస్కెట్ తీసి, ఎవరూ చూడకుండా నములుతున్నారు. గేటు దగ్గర పల్లె నుంచి వచ్చినవాళ్లు ఆఖరి బస్సు పోయిందా ఉందా అని లెక్కలేసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే మా బల్ల దగ్గర ఒక పెద్దమనిషి తఖ్రీర్ మొదలుపెట్టారు. ఈకాలం పిల్లల్లో తమీజ్ లేదట. పెద్దల లిహాజ్ లేదట. సెల్‌ఫోన్లు వచ్చి మన తహజీబ్‌ని మింగేశాయట. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఇంటికొచ్చాక ఆ తల ఊపినందుకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ పెద్దమనిషి పెళ్లివారి మనిషే. అంతమందిని మూడు గంటలు ఆకలితో కూర్చోబెట్టిన వాళ్లలో ఆయనా ఒకరు. వచ్చిన ప్రతి మెహమాన్‌కీ వంగి సలాం చెప్పారు, 'తష్రీఫ్ రఖియే' అన్నారు. ఆలస్యానికి మాత్రం ఒక్కసారి 'మాఫ్ కరో, జర దేర్ హోగయీ' అని నవ్వేశారు.

తమీజ్ పోయిన మాట నిజమే. పోగొట్టింది పిల్లలు కాదు. మనమే.

మర్యాదకి మన దగ్గర ఉన్నన్ని మాటలు ఎవరి దగ్గరా లేవు. అదబ్, తమీజ్, లిహాజ్, ముర్వత్, తకల్లుఫ్, షరాఫత్, అఖ్లాఖ్. మాటలు ఎక్కువైపోయి, పని తక్కువైంది. 'ఆప్' అంటే చాలు, 'జీ' తగిలిస్తే చాలు, అదబ్ పూర్తయిందనుకుంటున్నాం. 'పహలే ఆప్, పహలే ఆప్' అంటూ రైలు పోగొట్టుకున్న నవాబుల లతీఫా చెప్పుకుని నవ్వుతాం. కనీసం వాళ్లు తమ రైలే పోగొట్టుకున్నారు. మనం 'జనాబ్' అంటూనే పక్కవాడి రైలు పోగొడుతున్నాం.

ఈ పాఠం నాకు కితాబులో దొరకలేదు. రైల్లో దొరికింది. అక్కడ తప్పు చేసింది నేనే కాబట్టి దాచకుండా చెబుతాను.

పదేళ్లు దాటిన మాట. అమ్మీని తీసుకుని కర్నూలు నుంచి కాచిగూడకి పగటి రైల్లో వెళ్తున్నాను. మామూ ఇంట్లో మంగ్నీ. అమ్మీ దాల్చా వండి, స్టీలు డబ్బాలో పోసి, మూత మీద గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. "నీచే రఖ్ రే, సీధా" అంది. కింద పెట్టు, నిటారుగా పెట్టు అని. నేను ఫోన్‌లో మాట్లాడుతూ దాన్ని ఎదుటి సీటు పైనున్న సామాన్ల బల్ల మీద పెట్టేశాను.

గద్వాలలో ఒక రైతు, ఆయన కూతురు ఎక్కి ఆ సీట్లో కూర్చున్నారు. అమ్మాయి ఒళ్లో ఒక గుడ్డసంచి, అందులో ఫైలు. మర్నాడు పొద్దున కౌన్సెలింగ్. మహబూబ్‌నగర్ దాటాక రైలు ఒక కుదుపు కుదిపింది. డబ్బా పక్కకి ఒరిగింది. చూస్తుండగానే దాల్చా ధారగా ఆ అమ్మాయి సంచి మీద పడింది.

"అరెరె, సారీ అండీ, చూసుకోలేదు" అన్నాను. జేబురుమాలు కూడా ఇచ్చాను. ఆ రైతు, "ఏం గాదు తీ సార్, కావాలని చేసిన్రా" అన్నాడు. నేను డబ్బా సర్ది, చేతులు తుడుచుకుని, మళ్లీ ఫోన్ తీశాను. నా లెక్కలో విషయం ముగిసింది.

అమ్మీ లెక్కలో ముగియలేదు. లేచి వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. ఫైలు విప్పించి ఒక్కో కాగితాన్నీ దుపట్టా కొంగుతో అద్దింది. అమ్మీకి తెలుగు చదవడం రాదు. "ఇది ఏం కాగజ్ బేటీ? ఇది చాలా జరూరా?" అని ఒక్కోటీ అడిగింది. మార్కుల మెమో ప్లాస్టిక్ కవర్లో ఉండి బతికింది. ఆదాయం సర్టిఫికెట్‌కి సగం దాకా పసుపూ నూనే పట్టాయి. జిరాక్సు కాపీలన్నీ ముద్దయ్యాయి. ఆ పిల్ల ఏడవలేదు. పెదవి కొరుక్కుని తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పుడు అమ్మీ నావైపు తిరిగి మెల్లగా అడిగింది: "మాఫీ మాంగా రే, కి ఫేంకా?"

అడిగావా, విసిరావా? జవాబు లేదు నా దగ్గర. సీటు మీద చిల్లర విసిరినట్టు ఒక 'సారీ' విసిరాను, అంతే.

కాచిగూడలో దిగగానే మామూకి ఫోన్ చేయించింది, మా కోసం ఆగొద్దు, రసమ్ మొదలుపెట్టేయండి అని. తర్వాత ఆ తండ్రీకూతుళ్లతో కలిసి జిరాక్సు షాపు వెతుక్కుంటూ వెళ్లాం. మూడు సెట్లు తీయించాం. కొత్త ఫైలు కొన్నాం. మరకపడ్డ సర్టిఫికెట్ మీద అక్షరాలూ ముద్రా కనిపిస్తున్నాయి. "తీసుకోకుంటే నా కొడుకు మీ ఊరొస్తాడు, ఆఫీసు చుట్టూ వాడే తిరుగుతాడు" అని అమ్మీ ఆ రైతుకి మాటిచ్చింది. నన్ను అడగలేదు. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాను. "తీసుకున్నరు సార్" అన్నాడాయన. ఆ గొంతు విన్నాక తెలిసింది, ముందురోజు 'ఏం గాదు' అన్న గొంతు వేరని.

మంగ్నీకి గంటన్నర ఆలస్యంగా చేరాం. ఇంత దేర్ ఎందుకైందని మామూ అడిగితే అమ్మీ ఒకే మాట అంది: "ఖర్జా థా, చుకాకే ఆయీ." అప్పుంది, తీర్చి వచ్చాను.

పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ని. మాటల మీద పిచ్చి. 'మాఫీ' అనే మన మాట తెలుగులో ఎక్కడ బతుకుతోందో చూడండి. 'రుణమాఫీ'లో. ఈ మాటని హెడ్డింగుల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ప్రభుత్వం 'మాఫీ' అన్నంత మాత్రాన రైతు అప్పు ఆవిరైపోదు. బ్యాంకుకి ఎవరో ఒకరు కట్టాలి. కట్టేదాకా అది మాఫీ కాదు, ఎన్నికల వాగ్దానం. మనం పొద్దున్నుంచి రాత్రి దాకా విసిరే 'మాఫ్ కరో'లు కూడా అలాంటి వాగ్దానాలే.

పొరపాటుకి గునాహ్ లేదు కదా అంటారు. నిజం. గునాహ్ లేదు. కానీ నష్టపరిహారం ఉంది. పొరపాటున ఇంకొకరి వస్తువు పాడుచేసినా దాని జిమ్మేదారీ చేసినవాడిదేనని ఫిఖ్ చెబుతుంది. ఇవి హుఖూఖుల్ ఇబాద్, బందాల హక్కులు. ఆ బందా మాఫ్ చేయాలి, లేదా మనం తీర్చాలి.

రసూలుల్లాహ్ (స) ఇంట్లోనే ఒక పళ్లెం పగిలిన సంగతి బుఖారీ హదీసులో ఉంది. ఆయన ఒక భార్య ఇంట్లో ఉండగా మరో భార్య సేవకుడి చేత పళ్లెంలో భోజనం పంపారు. ఇంటావిడ కోపంలో సేవకుడి చేతి మీద కొట్టారు. పళ్లెం కిందపడి ముక్కలైంది. ఆయన ఎవరినీ తిట్టలేదు. తన చేతులతో ముక్కలు ఏరారు, చెదిరిన భోజనం పోగుచేశారు. సేవకుణ్ని ఆపి, ఈ ఇంట్లోని మంచి పళ్లెం తెప్పించి అతని చేతికిచ్చారు. పగిలింది పగలగొట్టిన ఇంట్లోనే ఉంచారు. ముక్కలు ఏరడం, బదులు ఇవ్వడం, ఖాళీ చేతులతో ఎవరినీ పంపకపోవడం. మొత్తం అదబ్ పాఠం ఇదే. మనం ఇందులోంచి 'తిట్టలేదు' అన్న ఒక్క ముక్కే పట్టుకున్నాం. అదీ తప్పు మనదైనప్పుడు మాత్రమే.

'ఏం గాదు' అన్నాడు కదా, మాఫ్ చేసినట్టే కదా అని ఆ రోజు నేనూ అనుకున్నాను. ఇక్కడే పెద్ద మోసం ఉంది. బలహీనుడి 'పర్వాలేదు' మాఫీ కాదు. మాఫీ ఇవ్వాలంటే, ఇవ్వకుండా ఉండే తాఖత్ కూడా ఉండాలి. ఇంట్లో పనిచేసే మనిషి కాలి మీద వేడి చాయ్ ఒలికితే ఆమె 'ఏం కాలేదమ్మా' అంటుంది. ఆటోని గేటు ముందు ఇరవై నిమిషాలు నిలబెడితే డ్రైవర్ 'సరే భాయ్' అంటాడు. వాళ్లు మనల్ని మాఫ్ చేయలేదు. రేపటి గిరాకీ గురించి, నెల జీతం గురించి ఆలోచించారు. ఆ మౌనాన్ని రసీదు అనుకుని జేబులో వేసుకుంటున్నాం.

ఇక జుమా రోజు సంగతి. బైకులు మసీదు ముందు రోడ్డంతా పరుచుకుంటాయి. వెనక ఒక టైలర్ షాపు షట్టర్, పక్కన ఒక ఇంటి గేటు. 'నమాజే కదా, పది నిమిషాలు' అంటాం. ఆ పది నిమిషాలు ఎవరివి? మనవి అయితే అల్లాహ్ కోసం ఇచ్చినట్టు. టైలర్‌వి అయితే అతన్ని అడగకుండా తీసుకున్నట్టు. దారిలో అడ్డు తీసేయడం ఈమాన్‌లో ఒక భాగమని మింబర్ మీదినుంచి వింటాం. బయటికొచ్చి చూస్తే, ఆ అడ్డు మన బండే. ఎవరో పక్కకి జరపబోతే బండి పడి అద్దం పగిలిందనుకోండి, అప్పుడు మాత్రం మన గొంతు ఖుత్బా కంటే పెద్దగా లేస్తుంది.

రాత్రి రైలూ అంతే. పది దాటాక ఫోన్ స్పీకర్ మోగకూడదని రైల్వే నిబంధనే ఉంది. నడిమి బెర్తు వాళ్లకి రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పడుకునే హక్కు కూడా ఉంది. కింది బెర్తులో మనం పదకొండు దాకా టిఫిన్ డబ్బాలు విప్పుకుని కబుర్లు చెప్పుకుంటాం. పైగా స్పీకర్‌లో నాత్ పెడితే అది శబ్దం కిందకి రాదనుకుంటాం. మసీదులో ఎతెకాఫ్‌లో ఉండగా కొందరు గట్టిగా ఖుర్ఆన్ చదువుతుంటే, ఒకరి గొంతుతో మరొకరిని ఇబ్బంది పెట్టొద్దని ప్రవక్త (స) ఆపారు. అబూ దావూద్‌లో ఉంది. ఖుర్ఆన్ తిలావత్‌కే ఈ హద్దు ఉంటే, మన ఫోన్‌కి ఎంత ఉండాలి? సూరా నిసా 36వ ఆయత్‌లో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పొరుగువారితో పాటు పక్కనున్న సహచరుడి హక్కు కూడా ఉంది. ప్రయాణంలో పక్కన కూర్చున్నవాడు కూడా అందులోకి వస్తాడని ముఫస్సిర్లు రాశారు. అతని పేరేమిటి, మజ్హబ్ ఏమిటి అన్న షరతు అక్కడ లేదు.

నాకు ఎదురయ్యే ప్రశ్నలు తెలుసు. మొదటిది: "ఖౌమ్ ఇన్ని ముసీబతుల్లో ఉంటే నువ్వు బైకుల గురించీ దాల్చా గురించీ రాస్తావా?" రెండోది: "వాళ్లు రోడ్లు మూయరా? వాళ్లు మైకులు పెట్టరా?"

రెండోదానికి ముందు చెబుతాను. ఎదుటివాడి బాకీ చూపిస్తే నా బాకీ తీరదు. ఏ బ్యాంకులోనూ చెల్లని లెక్క అది.

మొదటిది బరువైన ప్రశ్న. గడ్డం చూసి సీటు జరిగి కూర్చునేవాళ్లున్నారు. బుర్ఖా చూసి మొహం ముడిచేవాళ్లున్నారు. ఒకడు చేసిన బద్తమీజీని మొత్తం ఖౌమ్ ఖాతాలో రాసేవాళ్లున్నారు. అది జుల్మ్. నా ఉద్యోగంలో దాని గురించే రాస్తుంటాను, రాస్తూనే ఉంటాను. అందుకే స్పష్టంగా చెబుతున్నాను: వాళ్ల దగ్గర మంచి ముసల్మాన్ అనిపించుకోవడానికి తమీజ్ నేర్చుకోండి అనడం లేదు. అలాంటి తమీజ్ దుకాణం అద్దంలో పెట్టిన బొమ్మ. గద్వాల రైతు ఎదుట అమ్మీ ఖౌమ్ ఇజ్జత్ గురించి ఆలోచించలేదు. ఆ పిల్ల కాగితం గురించి ఆలోచించింది. అదబ్ ఇష్తిహార్ కాదు, బాకీ. చూసేవాళ్లున్నా లేకున్నా తీర్చాల్సిందే.

కాబట్టి పిల్లల్ని తిట్టడం కాస్త ఆపుదాం. పిల్లాడి బంతి తగిలి పక్కింటి పూలకుండీ పగిలితే, గుమ్మంలో నిలబెట్టి 'సారీ బోలో బేటా' అనిపించి లోపలికి లాక్కురావడం మానేద్దాం. వాణ్ని బజారుకి తీసుకెళ్లి, కొత్త కుండీ వాడి చేతే మోయించి, ఆ ఇంటికి పంపుదాం. వాడి ఈదీ డబ్బుల్లోంచి పది రూపాయలైనా అందులో పడనిద్దాం. రుఖాలో రాసిన టైముకి వడ్డిద్దాం, లేదా వడ్డించే టైమే రుఖాలో రాద్దాం.

ఈ జుమాకి బండి స్టాండు వేశాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. అక్కడ షట్టరుంటే, నాలుగడుగులు ఎక్కువ నడిచినా సరే, బండి ఇంకో చోట పెట్టి రండి. ఇన్నాళ్లూ అక్కడే పెట్టి ఉంటే, నమాజు అయ్యాక ఆ టైలర్ దగ్గరికి వెళ్లండి. మాఫీ అడగండి. విసరకండి.