లెక్కించుట మాని చదువుడు: విశ్వవిద్యాలయములకు విజ్ఞప్తి



పరిశోధకుడు తన ప్రయోగఫలమును లోకమునకు వెల్లడించుటకు ముందు, ఆ విషయమునందే కృషిచేసిన అన్యులు దానిని శ్రద్ధగా చదివి, దోషములున్నచో ఎత్తిచూపి, నిలువదగినదని ఒప్పుకొనిన పిమ్మటనే అది అచ్చు కావలయునన్న నియమముమీదనే విద్వత్పత్రికల గౌరవమంతయు ఆధారపడియున్నది. ఈ పరీక్ష జరుపు సమీక్షకులకు సాధారణముగా జీతము లేదు, పేరును లేదు. అట్టివారి నిజాయితీ పేరు చెప్పుకొని, సమీక్ష అను మాటను ముఖపత్రముపై అలంకరించుకొని, రుసుము ముట్టిన మరునాడే అంగీకారపత్రము పంపు పత్రికలు నేడు బహుళముగా బయలుదేరినవి.

రచయితయొద్ద రుసుము గైకొనుట దానంతట దోషము కాదు. పాఠకునికి ఉచితముగా అందింపవలయునన్న సదుద్దేశముతో నడచు మంచి పత్రికలును రుసుము గొనుచున్నవి. జరుపని పరీక్షను జరిపితిమని బొంకుటయే దోషము. 2013లో జాన్ బొహానన్ అను విలేఖరి, ఏ సమర్థుడైన సమీక్షకునికైనను ఇట్టే కనబడు తప్పులతో ఒక కల్పిత వ్యాసమునల్లి 304 పత్రికలకు పంపగా, 157 పత్రికలు దానిని అంగీకరించెనని 'సైన్స్' పత్రిక ప్రకటించినది.

ఈ అపకీర్తి మన గడపకును వచ్చినది. హైదరాబాదు కేంద్రముగా వందలకొలది పత్రికలు నడపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేయగా, 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ న్యాయస్థానము, సమీక్షను గూర్చియు సంపాదకుల పేర్లను గూర్చియు ఆ సంస్థ పరిశోధకులను మోసపుచ్చినదనియు, రుసుముల సంగతి ముందుగా స్పష్టపరుపలేదనియు తేల్చి, ఐదుకోట్ల డాలర్లకు మించిన మొత్తము చెల్లింపవలసినదని తీర్పు చెప్పినది.

అయితే అమ్మువానినే నిందించి ఊరకుందుమా? ఈ సరకునకు గిరాకి పుట్టించినది మన ప్రమోషన్ల పద్ధతియే. 2010 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు (యూజీసీ) నిబంధనలు వ్యాసమునకిన్ని పాయింట్లని నిర్ణయించిననాటినుండి, వ్యాసములోని విషయమేమని అడుగువారు తగ్గి, ఎన్ని వ్యాసములని అడుగువారు పెరిగిరి. దానికి విరుగుడుగా 2017లో యూజీసీ ఆమోదిత పత్రికల జాబితా వచ్చినది. 2018 మే నెలలో దానినుండి 4,305 పత్రికలను తొలగింపవలసివచ్చినది. 2019లో దాని స్థానమున యూజీసీవారి కేర్ అను కొత్త పత్రికల జాబితా వచ్చినది. జాబితాకెక్కిన పత్రికల పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లును వెలసినవి. 2025లో ఆ జాబితానే ఎత్తివేసి, మంచిచెడ్డలు తేల్చు భారమును విద్యాసంస్థలకే అప్పగించిరి. ఇది సదవకాశము; కాని మనము మరియొక జాబితా రాసుకొని కూర్చున్నచో వ్యర్థమగును.

కావున మేము కోరునదిది. నియామకమునకుగాని ప్రమోషన్‌కుగాని వచ్చిన అభ్యర్థి, తాను ఉత్తమములనుకొనిన మూడు వ్యాసములను మాత్రమే సమర్పింపవలయును. తజ్ఞులు వానిని చదివి, కారణములతో లిఖితాభిప్రాయమీయవలయును. చదువ తీరికలేనివారు తీర్పరులుగా కూర్చుండనేల? జీవరసాయన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయపద్ధతి నేటికిని వారిరువురి పేర నిలిచియున్నది. మన పాయింట్ల పట్టికలో అది ఇతర వ్యాసములతోపాటు ఒక వ్యాసము మాత్రమే!

వ్యాసమునందు పేరున్న ప్రతివాడును తాను చేసిన పనియేమో అందే చెప్పవలయును. గైడు అయినంతమాత్రమున పేరు చేర్చు ఆచారము పోవలయును. వ్యాసప్రకటన లేనిదే పి.హెచ్.డి. సిద్ధాంతగ్రంథము సమర్పింపరాదన్న నిబంధనను యూజీసీయే 2022లో సడలించినది. ఇంకను దానిని పట్టుకొని వ్రేలాడు విభాగములు, చేతిలో ఫెలోషిప్పు తప్ప వేరాధారములేని విద్యార్థిని స్వయముగా ఆ వర్తకుల వాకిటికి పంపుచున్నవి. మరియు, తన తప్పును తానే కనుగొని వ్యాసమును ఉపసంహరించుకొనినవానిని, దత్తాంశములను కల్పించినవానితో సమముగా శిక్షించుట అన్యాయము. అట్లు శిక్షించినచో ఇక తప్పొప్పుకొనువాడెవడు?

ఈ కరపత్రము చదివిన అధ్యాపకులు, రాబోవు విభాగ సమావేశమునందే మూడు వ్యాసముల నియమమును తీర్మానరూపమున ప్రతిపాదించి, దానిని పాలకమండలికి పంపవలసినదిగా ప్రార్థించుచున్నాము.