మౌనం అంగీకారం కాదు

బ్రౌజరులో పిలవని ప్రకటనలు తిష్ఠ వేశాయని ఎవరైనా వాపోతే, మన సాంకేతిక పండితులు పలికే మాట ఒక్కటే: "కనబడిందల్లా నొక్కితే అంతే మరి!" నేరం దొంగది కాదు, తలుపు సరిగా వేసుకోనివాడిదట! ఈ తీర్పును నేనొప్పుకోను.

2014లో లెనోవో సంస్థ తన ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో సూపర్‌ఫిష్ వారి ప్రకటనల సాఫ్టువేరును తానే నింపి అమ్మింది. కొన్నవారు ఉచితానికి ఆశపడినవారు కారు, రొక్కమిచ్చినవారు. ఆ సాఫ్టువేరు తన సొంత ధ్రువపత్రాన్ని యంత్రంలో నాటి, బ్యాంకు సైటుకూ మనిషికీ నడుమ చేరింది. తాళం బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు! పైగా ఆ యంత్రాలన్నిటికీ రహస్యపు తాళంచెవి ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో గుట్టు రట్టయింది.

మరి అనుమతి అడిగారా? అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2017లో చేసిన అభియోగం చదవండి. కొనుగోళ్ళ సైటుకు మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక చిన్న కిటికీ తెరుచుకునేది. దాన్ని మూసేస్తే సమ్మతించినట్టే లెక్క! వద్దన్నా ఆ మధ్యవర్తిత్వం ఆగేది కాదు. సాఫ్టువేరును తొలగించినా ధ్రువపత్రం మిగిలే ఉండేది.

కిటికీ మూయడం "వద్దు" అనడమే. దాన్ని "సరే"గా రాసుకున్నవాడిని వదిలి, మూసినవాడిని మందలించడం ఏ న్యాయం?

కనుక మిత్రులారా, ఇకపై ఎవరైనా ఈ బాధతో వస్తే ముందు వారి పొడిగింతల జాబితా చూడండి, నోటిఫికేషన్ల అనుమతులు రద్దు చేయండి. నీతిబోధ చొరబడినవాడికి దాచి ఉంచండి.