అటకమీది బరువు

దొడ్డ బసవేశ్వరుని జాతర సమీపించినదనగా మన కురుగోడులో ఇండ్లకు సున్నము కొట్టుదురు, అటకలు దులుపుదురు. అంతయు దించి, తుడిచి, మరల అంతయు పైకెక్కింతురు! దీనిని శుభ్రత యనవచ్చునా?

12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణములో బిజ్జలుని కొలువున కోశాధికారి. రాశులకొలది ధనము అతని చేతిమీదుగా నడచెను. అట్టివాడు బోధించినవి కాయకము, దాసోహము. చెమటోడ్చి సంపాదింపుము; అవసరమునకు మించినది నీది కాదు, దాసుడనను భావముతో శరణులకు సమర్పింపుము. ఇచ్చితినను గర్వమునకు సైతము అందు తావు లేదు. ఇల్లు తేలికపడుటయు, మనసు నెమ్మదించుటయు ఈ మార్గముననే యని నా యభిప్రాయము. చింకిబట్టలను వదలించుకొనుట దాసోహము కాదు. పెట్టెలో మడత నలుగని దుప్పటి నిచ్చుట దాసోహము.

మన యిండ్లలో మరియొక మూట గలదు. బిడ్డలు చదివి ముగించిన తెలుగు వాచకములు, శతకములు, నిఘంటువులు. వీనిని తూకమునకు అమ్ముచున్నారు. ఈ కన్నడసీమలో తెలుగు పుస్తకము కోరినంతనే అంగట దొరకునా? పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచించిన బసవపురాణమును 1369లో భీమకవి కన్నడమున వెలయించెను. ఒక యింటనే దాగియున్నచో ఆ కథ రెండు భాషలవారి సొత్తయ్యెడిదా? కావున తల్లిదండ్రులారా, ఈ జాతరకు ఆ మూటను పాతసామానులవానికిగాక క్రింది తరగతి పిల్లలకిండు. ఇత్తడి గంగాళముల సంగతి పిమ్మట చూచుకొందము.