తెర మీది సిపాయి, మన వీధి హవల్దారు

ఏటా నవంబరు మాసం వచ్చిందంటే మా ఇంటి వసారాలో రెండు కుర్చీలు అదనంగా వేయవలసి వస్తుంది. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన నాకు కాగితాలతోడి సంబంధం ఇంకా తెగలేదు. జీవన ధ్రువపత్రాలు, వితంతువుల కుటుంబ పింఛను దరఖాస్తులు, పేర్లలో దొర్లిన తప్పుల సవరణలు - నంద్యాలలో మా మొహల్లావారికి నేను చేయగలిగిన సేవ ఇంతమాత్రమే.

అలా వచ్చేవారిలో ఇద్దరు మాజీ సైనికులున్నారు. ఒకరు మా వీధివారే. సైన్యంలోని ఈ.ఎం.ఇ. విభాగంలో వాహనాల మెకానిక్‌గా చేరి హవల్దారుగా విరమించిన ముస్లిం పెద్దమనిషి. రెండవవారు ఆళ్లగడ్డ సమీపంలోని ఒక పల్లెకు చెందిన రైతు. మద్రాసు రెజిమెంటులో పదాతి సైనికునిగా పనిచేశారు. 1971 యుద్ధకాలంలో ఇద్దరూ పశ్చిమ సరిహద్దునే ఉన్నారు గాని, అప్పటికి ఒకరినొకరు ఎరుగరు. వారి స్నేహం చాలా ఏళ్ల తరువాత, మిలిటరీ క్యాంటీను క్యూలో మొదలైంది. రైతు గారు ఆయనను ‘భాయ్’ అంటారు, ఆయన ఈయనను ‘అన్నా’ అంటారు. ఆళ్లగడ్డ నుండి దాదాపు 40 కిలోమీటర్లు బస్సులో వచ్చేది కాగితం పని కోసమే అయినా, పని పది నిమిషాల్లో ముగుస్తుంది, మాటలు మాత్రం జొహర్ నమాజు వేళ దాకా సాగుతాయి.

గత పర్యాయం వారి మాటలు యుద్ధ చిత్రాల మీదికి మళ్లాయి. జె.పి. దత్తా 1997లో తీసిన ‘బార్డర్’ను ముందు రాత్రి టీవీలో చూసి వచ్చారు ఆళ్లగడ్డ అన్న. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్‌లోని లోంగేవాలా ఠాణాపై ట్యాంకులతో జరిగిన దాడిని, మేజర్ కుల్దీప్‌సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో పంజాబ్ రెజిమెంటుకు చెందిన సుమారు 120 మంది తెల్లవారే వరకు నిలువరించారు. తెల్లవారాక మన వైమానిక దళపు హంటర్ విమానాలు వచ్చి ట్యాంకులను ధ్వంసం చేశాయి. ఇది చరిత్ర. చిత్రంలో మాత్రం కథానాయకులు ఒకరి తరువాత ఒకరుగా నేలకొరుగుతారు. వాస్తవంలో ఆ రాత్రి ఆ ఠాణాలో అమరులైన మనవారు ఇద్దరే.

“సినిమావాళ్లు అంతమందిని ఎందుకు చంపినారో నాకు అర్థం కాలేదు భాయ్,” అన్నారాయన. “ఆ మేజరు గొప్పతనమంతా అందర్నీ బతికించుకోవడంలోనే కదా ఉండేది!”

మా హవల్దారు గారు నవ్వి, “బతికి ఇంటికి వచ్చినోని మీద పాట ఎవరు రాస్తారన్నా?” అన్నారు.

ఆ మాట నన్ను అనేక దినాలు ఆలోచింపజేసింది. ఈ వ్యాసానికి అదే మూలం.

యుద్ధ చిత్రాలకు మరణం కావాలి. ప్రేక్షకుని కన్నీరు అక్కడే ఉన్నది గనుక దానిని తప్పుపట్టలేము. అయితే ముస్లిం సిపాయి విషయానికి వచ్చేసరికి ఈ నియమం మరింత కఠినమవుతుంది. తెర మీద అతడు కనబడితే చాలాసార్లు తన దేశభక్తిని నోటితో చెప్పుకోవాలి, లేదా ప్రాణమిచ్చి రుజువు చేసుకోవాలి. పక్కనున్న సైనికునికి తల్లి, ప్రియురాలు, పొలం, హాస్యం అన్నీ ఉంటాయి. ఇతనికి మాత్రం ఒక పరీక్ష ఉంటుంది.

పాత చిత్రాలన్నీ ఇలాగే ఉండేవని చెప్పలేను. చేతన్ ఆనంద్ 1964లో తీసిన ‘హకీకత్’ను ఆ ఇద్దరూ సైన్యంలో ఉండగానే, ఆరుబయట తెర కట్టి వేసినప్పుడు చూశారట. 1962లో లడఖ్‌లో చైనాతో జరిగిన పోరు దాని కథ. గెలుపు లేని యుద్ధాన్ని, చలిని, వెనుకకు నడిచే సైనికుల అలసటను దాచకుండా చూపిన చిత్రమది. దానిలోని అంతిమగీతాన్ని రచించినవారు కైఫీ ఆజ్మీ, సంగీతం మదన్‌మోహన్, గానం మొహమ్మద్ రఫీ. నేటికీ ఆగస్టు 15 ఉదయం మన ఊళ్లలో మైకు కట్టగానే వినిపించే పాట అదే. ఆ పాట వింటూ కన్నీరు తుడుచుకునేవారెవరూ దాని కవి మతమేదో, గాయకుని మతమేదో అడగరు. ఆ పాట తనను తాను రుజువు చేసుకోనవసరం లేకుండానే ఈ దేశపు పాట అయింది. మనిషికి కూడా దక్కవలసిన గౌరవం అదే.

ఇప్పుడు హవల్దారు గారి అసలు జ్ఞాపకమొకటి వినండి. 1971లో రంజాన్ మాసం అక్టోబరు, నవంబరు నెలల మధ్య వచ్చింది. యుద్ధం డిసెంబరు 3న మొదలైంది గాని, దళాలు అంతకు ముందే సరిహద్దుకు చేరుకున్నాయి. ఆయన తన వర్క్‌షాపు డేరాలో ఉపవాసాలు పాటించేవారు. సెహ్రీ వేళకు లేచి చూస్తే, డేరా బయట మూత పెట్టిన గిన్నెలో రొట్టెలు, పప్పు, ఒక మగ్గులో వేడి టీ ఉండేవట. లంగరులో వంట చేసే సిక్కు సోదరుడు ఎవరూ ఆజ్ఞాపించకుండానే నెలంతా అలా పెట్టి వెళ్లాడు. “ఒక్కనాడూ నేను షుక్రియా చెప్పలేదు బాబూ. ఆయన నిలబడితే కదా చెప్పేది! పెట్టేసి పోయేవాడు.”

నేను ఆయనను సూటిగా అడిగాను: “ఎదుట పాకిస్తాను సైన్యం ఉన్నప్పుడు, మీరు ముస్లిమని ఎవరైనా మిమ్ములను అనుమానించారా?”

ఆయన కొంతసేపు ఆలోచించి, “నన్ను ఎవరూ పరీక్ష చేయలేదు. నేను బిగించిన బోల్టును మాత్రం రోజూ పరీక్ష చేసేవాళ్లు. వదులుగా ఉంటే తిట్లే,” అన్నారు.

ఇంతకంటె ఉదాత్తమైన పౌరసత్వ నిర్వచనం నాకు కనబడలేదు. పని సరిగా చేశావా లేదా అన్నదొక్కటే ప్రశ్న. సైన్యంలో అన్యాయాలే లేవని నేను వాదించడం లేదు. ఒక మనిషి తన జీవితంలో చూచినదేమిటో చెబుతున్నాను. ఇటువంటి దృశ్యం ఏ చిత్రంలోనూ రాదు, ఎందుకంటే ఇందులో ఎవరూ మరణించలేదు.

అయితే తప్పంతా చలనచిత్రాల మీద నెట్టి మనం చేతులు కడుక్కోవడం న్యాయం కాదు. మన సభల్లో మనమేమి చేస్తున్నాం? ప్రతి ఆగస్టు 15, జనవరి 26 నాడు రెండు పేర్లు స్మరిస్తాం. ఒకటి, బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్. విభజన వేళ పాకిస్తాను వైపు వెళ్లక ఇక్కడే నిలిచి, నౌషేరాను కాపాడి, 1948 జూలై 3న ఝంగడ్‌లో ఫిరంగి గుండుకు అసువులు బాసి, మరణానంతరం మహావీర చక్ర పొందిన అధికారి. ఢిల్లీలోని జామియా మిల్లియా ప్రాంగణంలో ఆయన సమాధి ఉన్నది. రెండవది, కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ రంగంలో, జీపు మీద అమర్చిన రీకాయిల్‌లెస్ తుపాకితో ప్యాటన్ ట్యాంకులను ధ్వంసం చేస్తూ అమరుడై పరమవీర చక్ర పొందిన గ్రెనేడియర్. 1988లో చేతన్ ఆనంద్ దూరదర్శన్ కోసం తీసిన ‘పరమవీర చక్ర’ ధారావాహికలో నసీరుద్దీన్ షా ఆయన పాత్ర ధరించగా, మా వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు జనం నిలబడి చూశారు.

ఆ మహనీయుల స్మరణ మన విధి. కాని గమనించండి, మనం కూడా చిత్ర దర్శకుల మాదిరే మృతవీరులనే పిలుస్తున్నాం. ఎవరో మనల్ని అనుమానించినప్పుడు, జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపినట్లు వారి పేర్లు చూపుతున్నాం. ఆ సభకు నాలుగిళ్ల అవతల, ఇరువది సంవత్సరాలకు పైగా సైన్యంలో పనిచేసి మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన హవల్దారును వేదిక మీదికి పిలిచినవారు లేరు. ఆయన పేరు మన పిల్లలకు తెలియదు.

గుమాస్తాగా నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే: ఫైలులో లేనిది జరగనట్లే లెక్క. చరిత్ర కూడా ఇలాగే నడుస్తుంది. 1939 డిసెంబరులో ‘కె-6’ అనే పేరుతో భారతీయ సైనిక దళం ఒకటి కంచర గాడిదలతో ఫ్రాన్సులోని మార్సేలు రేవులో దిగింది. వారిలో అత్యధికులు పంజాబీ ముస్లిములు. 1940లో డంకిర్క్ తీరం నుండి ఓడలెక్కినవారిలో వారూ ఉన్నారు. 2017లో క్రిస్టఫర్ నోలన్ ఆ తీరం మీదనే పెద్ద చిత్రం తీశారు. అందులో వారి ఊసే లేదు. ఎవరో కుట్ర పన్ని తొలగించారని అననక్కరలేదు. ప్రజల జ్ఞాపకంలో వారు చోటు చేసుకోలేదు, కెమెరా కూడా వారిని వెతకలేదు.

కాగితం లేకపోతే కలిగే నష్టం గౌరవానికే పరిమితం కాదు, అన్నానికీ తగులుతుంది. మన ఇళ్లలో ఒకే స్త్రీ పేరు సర్వీసు రికార్డులో ‘బీ’ అని, ఆధార్‌లో ‘బేగం’ అని, బ్యాంకు పుస్తకంలో ‘బీబీ’ అని ఉంటుంది. భర్త ఇంటిపేరు ఒకచోట ‘షేక్’ అని పూర్తిగా, మరొకచోట పొడి అక్షరాలుగా ఉంటుంది. ఆయన బ్రతికి ఉండగా ఒక్క దరఖాస్తుతో సరిపోయే సవరణ, ఆయన జనాజా లేచిన తరువాత ఆ తల్లికి నెలల తరబడి తిరుగుడవుతుంది. ఆళ్లగడ్డ ప్రాంతంలోని ఒక వితంతువు విషయంలో నేను స్వయంగా చూశాను. పెట్టె అడుగున చీరల కింద దొరికిన పాత డిశ్చార్జి బుక్కు ఒక్కటే ఆమెను కాపాడింది. దానిలో వివాహం నమోదైన పార్ట్ టూ ఆర్డరు సంఖ్య ఉన్నది.

ఇంతకంటె భయంకరమైన ఉదాహరణ కూడా మన కళ్ల ముందున్నది. దాదాపు 30 ఏళ్లు భారత సైన్యంలో సేవ చేసి 2017లో విరమించిన అస్సాంకు చెందిన మొహమ్మద్ సనావుల్లాను, 2019 మే నెలలో అక్కడి విదేశీయుల ట్రిబ్యునల్ విదేశీయుడని ప్రకటించింది. ఆయనను నిర్బంధ కేంద్రంలో పెట్టారు. జూన్‌లో గౌహతి హైకోర్టు బెయిలు ఇచ్చాకనే బయటకు వచ్చారు. 2025 మే నెలలో దేశమంతా చూస్తుండగా సైనిక చర్యను వివరించిన కల్నల్ సోఫియా ఖురేషీని గూర్చి, ఒక రాష్ట్ర మంత్రి బహిరంగ సభలో హీనంగా మాట్లాడగా, కేసు నమోదు చేయమని హైకోర్టే ఆదేశించవలసి వచ్చింది. యూనిఫారం ధరించిన వారికే ఇట్టి అవమానం తప్పనప్పుడు, సామాన్యుని మాట చెప్పనేల?

అందుచేత, సోదరులారా, సోదరీమణులారా, మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. లావాదేవీలను వ్రాసి ఉంచుకోవలెనని బోధించిన ధర్మం మనది. ఈ దేశంతో మన పెద్దలు జరిపిన అతి పెద్ద లావాదేవీ వారి సేవ. దానిని వ్రాసి ఉంచకపోవడం మన లోపం.

నంద్యాల, ఆళ్లగడ్డలలోని ప్రతి మసీదు కమిటీ తన పరిధిలోని మాజీ సైనికుల, వారి వితంతువుల జాబితా తయారు చేయాలి. వారి డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు నకళ్లు తీయించి కుటుంబంలో ఇద్దరి వద్ద ఉంచాలి. పేర్ల తేడాలను సైనికుడు జీవించి ఉండగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు పంపి సరిచేయించాలి. చదువుకున్న పిల్లలు ఒక్కొక్క పెద్దాయన దగ్గర ఒక గంట కూర్చుని, ఫోనులో ఆయన మాటలు భద్రపరచాలి. “ఎంతమందిని చంపావు తాతా?” అని అడగవద్దు. అది సినిమా ప్రశ్న. రైలెక్కిన నాడు అమ్మ ఏమి కట్టి ఇచ్చింది, మొదటి జీతం ఎంత, పండుగ నాడు ఎవరు ఆలింగనం చేసుకున్నారు - ఇవి అడగండి. సైనిక రహస్యాల జోలికి పోనక్కరలేదు. మన ముస్లిములను మాత్రమే కాక, ఆళ్లగడ్డ అన్న వంటివారిని కూడా అడగండి. మన వారి సేవకు వారే సాక్షులు, వారి సేవకు మనవారు సాక్షులు.

ఇదంతా ఎవరికో విధేయత రుజువు చేయడానికని భావించకండి. ఆ పరీక్షకు మనం కూర్చోనవసరం లేదు. మన పిల్లలకు తమ వీధి చరిత్ర తెలియడానికి, మన వితంతువులకు తమ హక్కు అందడానికి ఇది అవసరం.

ఆ నాడు మాటలు ముగిశాక ఆళ్లగడ్డ అన్న బస్సు వేళయిందని లేచారు. హవల్దారు గారు కర్ర పట్టుకుని గేటు వరకు వెళ్లి సాగనంపారు. మరుసటి వారం నేను ఆయన ఇంటికి కాగితం, కలం తీసుకుని వెళ్లాను. మొదటి ప్రశ్నగా, ఆ సిక్కు వంటవాని పేరు అడిగాను. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నారు. గుర్తు రాలేదు. “పది ఏండ్ల కింద అడిగి ఉంటే చెప్పేవాణ్ణి బాబూ,” అన్నారు.